బంకులో కారు వాషింగు: పెట్టుబడి నీళ్లపాలు కాకూడదంటే

గుంటూరు: మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చిన తరువాత పట్నంలో ఏటా ఒక వింత కానవస్తుంది. శీతల గిడ్డంగుల్లో సరుకు కదలదు. కమీషన్ వ్యాపారుల చేతిలోని డబ్బు మాత్రం ఎటో ఒకవైపు కదలాలని తహతహలాడుతుంది. ఒకప్పుడు ఆ డబ్బు పత్తిలోకో, పొగాకులోకో, వడ్డీలకో పోయేది. తరువాత ఇళ్ళస్థలాల్లోకి పోయింది. స్థలాల బేరాలు మందగించినప్పుడల్లా కొత్త వ్యాపారాల పేర్లు వినవస్తుంటాయి. వాటిలో ఇప్పుడు ఎక్కువగా వినవస్తున్నది పెట్రోలు బంకుల్లో కారు వాషింగు.

ముప్ఫై ఏళ్ళుగా మిర్చి కమీషన్ వ్యాపారంలో ఉన్న పెద్దమనిషి ఒకరు మొన్న ఈ విలేఖరిని పిలిపించి ఒక కాగితం చేతిలో పెట్టారు. హైవే మీద బంకు ఉన్న పరిచయస్తుడు వ్రాసి ఇచ్చిన లెక్క అది. స్థలం బంకువారిది, పేరు బంకువారిది, షెడ్డుకు, యంత్రాలకు రు. 12 లక్షలు మన వర్తకునిది, లాభం చెరిసగం. రోజుకు 40 కార్లు, కారుకు రు. 300, నెలకు ఇంత, ఏడాదికి ఇంత అని వరుసగా గుణించి, ఏడాదిన్నరలో పెట్టుబడి తిరిగి వస్తుందని చివర గీత గీసి ఉన్నది. "బీకాం చదివావు గదా అబ్బాయ్, ఇందులో తప్పెక్కడో చెప్పు" అన్నారు. ఆ డబ్బు చిన్నమ్మాయి పెళ్ళికని తీసి ఉంచినదట. అందుచేత కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని రెండు రాత్రులు కూర్చోవలసి వచ్చింది. గుణకారంలో తప్పేమీ లేదు. లెక్కలోకి రాని పద్దులే తప్పు. ఇటువంటి కాగితాలు ఇంకా కొందరి చేతుల్లో తిరుగుతున్నట్లు తెలియవస్తున్నది గనుక, ఆ పద్దులను ఇక్కడ వివరంగా పరిశీలించడం అవసరం.

ముందుగా, బంకు డీలర్లకు ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవాలి. వారిని తప్పుపట్టడానికి లేదు. పెట్రోలు, డీజిలు మీద డీలరుకు వచ్చేది కమీషను మాత్రమే. ధర నిర్ణయించేది కంపెనీ. 2017 జూన్ 16 నుంచి ధరను రోజూ సవరించే పద్ధతి వచ్చింది. కమీషను మాత్రం 2017లో సవరించిన తరువాత మళ్ళీ సవరించింది 2024 అక్టోబరు 30న. పెరుగుదల పెట్రోలు మీద లీటరుకు 65 పైసలు, డీజిలు మీద 44 పైసలు. ఈ ఏడేళ్ళలో కుర్రవాళ్ళ జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు చార్జీలు ఎంత పెరిగాయో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

దీనికి తోడు సరుకు నష్టం. 2021 నవంబరు 4న, దీపావళి నాడు, కేంద్రం ఎక్సైజు సుంకాన్ని పెట్రోలు మీద రు. 5, డీజిలు మీద రు. 10 తగ్గించింది. 2022 మే 22న పెట్రోలు మీద మరో రు. 8, డీజిలు మీద రు. 6 తగ్గించింది. వినియోగదారులు సంతోషించారు. పండుగ రద్దీకని ట్యాంకులు నింపుకుని, సుంకం చెల్లించిన సరుకుతో కూర్చున్న డీలరు మాత్రం తెల్లవారేసరికి నష్టపోయాడు. 20,000 లీటర్ల డీజిలు ఉన్నవానికి ఆ దీపావళి నాడు సుంకం మేరకే రు. 2 లక్షలు పోయాయి. పంటధర పడిపోయినప్పుడు గిడ్డంగిలో సరుకున్న వర్తకుని పరిస్థితీ ఇదే గనుక మన పాఠకులకు ఆ బాధ తెలుసు. తేడా ఒక్కటే. మిర్చి వ్యాపారి ధర పెరిగే దాకా ఆగగలడు. బంకు డీలరుకు ఆ స్వేచ్ఛ లేదు.

అందుచేత ఇంధనం కాని రాబడి కోసం డీలర్లు చూడటం సహజమే. అది కారు వాషింగులో ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. బంకులో కారు కడగడం కొత్తేమీ కాదు. బర్మాషెల్, ఎస్సో, కాల్టెక్స్ రోజుల్లో పట్నంలోని పెద్ద బంకులకు సర్వీస్ స్టేషన్ అనే పేరు ఊరికే రాలేదు. అంబాసిడర్, ఫియట్ యజమానులు నెలకో రెండు నెలలకో బండిని తెచ్చి ర్యాంపు ఎక్కించి వాటర్ సర్వీసింగు, గ్రీజింగు చేయించుకుని, ఆయిలు మార్పించుకుని పోయేవారు. 1974లో ఎస్సో, 1976లో బర్మాషెల్, కాల్టెక్స్ ప్రభుత్వపరమైన తరువాత కూడా ఆ ర్యాంపులు నడిచాయి. వాటిని మూయించినది 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి కారు. దానికి, దాని తరువాత వచ్చిన కార్లకు గ్రీజు పెట్టే చోట్లు తగ్గిపోయాయి. అమ్మిన కంపెనీవారే ఉచిత సర్వీసులని చెప్పి బండిని తమ వర్క్‌షాపుకు అలవాటు చేశారు. గ్రీజు, ఆయిలు పోయిన తరువాత బంకు ర్యాంపుకు మిగిలింది నీళ్ళు మాత్రమే. నీళ్ళ మీద వచ్చే డబ్బుతో మనిషి జీతం గిట్టలేదు. గుంటలు పూడ్చివేసి పైన సిమెంటు చేశారు. ఇప్పటికీ కొన్ని పాత బంకుల్లో ఒక మూల నేల రంగు వేరుగా ఉంటుంది, గమనించండి. దాని కింద ఉన్నది ఆ గుంటే.

ఆనాటి ర్యాంపు మూతపడిన కారణం ఈనాటి ప్రతిపాదనకూ వర్తిస్తుంది. కడగడం ఒక్కటే వ్యాపారమైతే దాని మీద ఎంత బరువు మోపవచ్చు అన్నదే లెక్క.

ఇక కాగితం సంగతి. మొదటి లోపం జి.ఎస్.టి. కారుకు రు. 300 వసూలైతే రు. 300 రాబడి అని వ్రాశారు. వాషింగు సేవ మీద పన్ను 18 శాతం. ఏడాదికి రు. 20 లక్షల లోపు సేవలు చేసేవారికి రిజిస్ట్రేషను అక్కరలేదు గదా అని డీలరుగారి వాదన. అది సందు చివర గొట్టం పట్టుకుని కార్లు కడిగే కుర్రవానికి వర్తిస్తుంది. బంకుకు వర్తించదు. పెట్రోలు, డీజిలు జి.ఎస్.టి. పన్నుకు బయట ఉన్నమాట నిజమే గాని, మొత్తం టర్నోవరు లెక్కకట్టేటప్పుడు వాటి అమ్మకం కూడా అందులో చేరుతుంది. బంకుకు రు. 20 లక్షల అమ్మకం వారాల్లో దాటిపోతుంది. అసలు లూబ్రికెంట్లు అమ్మే బంకులకు జి.ఎస్.టి. నంబరు ముందే ఉంటుంది. అందుచేత బంకులో కడిగిన మొదటి కారు నుంచే పన్ను పడుతుంది.

దీని ఫలితం చూడండి. ఎదుటి సందులో రు. 300 తీసుకుంటున్నప్పుడు బంకువారు పన్ను కలిపి రు. 354 అడిగితే బేరం తప్పిపోతుంది. రు. 300కే కడిగితే అందులో రు. 45.76 ప్రభుత్వానికి పోయి చేతికి మిగిలేది రు. 254.24. ఒకే కారు, ఒకే నీళ్ళు, ఒకే షాంపూ. మొదలుపెట్టక ముందే రోడ్డుపక్క దుకాణానికి కారుకు రు. 45 పైచిలుకు ఆధిక్యం ఉన్నది. యంత్రాలు కొన్నప్పుడు కట్టిన పన్నుకు క్రెడిట్ వస్తుంది, అది నిజం. కాని అది ఒకసారి వచ్చేది, ఇది రోజూ పోయేది.

రెండవ లోపం ఖర్చుల్లో ఉన్నది. కాగితంలో జీతాలు, షాంపూ మాత్రమే ఉన్నాయి. ఈ విలేఖరి వేసిన అంచనా ఇక్కడ ఇస్తున్నాను. ఊరిని బట్టి అంకెలు మారతాయి, ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు. రెండు ర్యాంపులు, నలుగురు కుర్రవాళ్ళు తలా రు. 15,000, డబ్బు తీసుకుని చీటీ వ్రాసే మనిషి ఒకరు రు. 20,000 అనుకుంటే జీతాలు నెలకు రు. 80,000. రు. 12 లక్షల మీద 11 శాతం వడ్డీ నెలకు రు. 11,000. సొంత డబ్బుకు వడ్డీ ఏమిటని వర్తకులు ఎవరూ అడగరనుకుంటాను. పంపులు, వాక్యూములు, షెడ్డు ఆరేళ్ళు పనిచేస్తాయనుకుంటే అరుగుదల కింద నెలకు సుమారు రు. 16,700. పంపు సీళ్ళు, గొట్టాలు, మడ్డి తోడించే ట్యాంకరు కలిపి రు. 7,300. మొత్తం రు. 1,15,000. ఇది కారు వచ్చినా రాకపోయినా పడే ఖర్చు. ఇక కారు వచ్చినప్పుడు పడే షాంపూ, పాలిష్, గుడ్డలు, నీరు, కరెంటు కలిపి రు. 50.

పన్ను పోగా వచ్చే రు. 254లో రు. 50 తీసివేస్తే కారుకు మిగులు రు. 204. లక్షా 15 వేలను 204తో భాగిస్తే 564 కార్లు. వర్షాలు, సెలవులు పోను నెలకు 26 రోజులు పని ఉంటుందనుకుంటే రోజుకు 22 కార్లు. 22వ కారు దాకా లాభం లేదు. స్థలానికి అద్దె కట్టలేదని కూడా గమనించాలి.

రోడ్డుపక్క దుకాణం సంగతి ఇదే పద్ధతిలో చూద్దాం. యజమాని తానే కడుగుతాడు, ఇద్దరు కుర్రవాళ్ళు. పెట్టుబడి రు. 2 లక్షలు. ఇద్దరి జీతం రు. 30,000, తన కూలి రు. 20,000, అద్దె రు. 8,000, వడ్డీ, అరుగుదల, మరమ్మతులు కలిపి రు. 7,000. మొత్తం రు. 65,000. పన్ను లేదు గనుక కారుకు మిగులు రు. 250. నెలకు 260 కార్లు, అంటే రోజుకు 10 కార్లు వస్తే గట్టెక్కుతాడు. ధరల పోటీ వస్తే ఎవరు ముందు నేల కరుస్తారో చెప్పడానికి బీకాం అక్కరలేదు.

రోజుకు 22 కార్లు రావా అని అడగవచ్చు. ఆదివారం వస్తాయి. శనివారం సాయంత్రం వస్తాయి. పండుగ ముందు, ముహూర్తాల రోజుల్లో వరుస కడతాయి. చిక్కు అక్కడే ఉన్నది. ఆదివారం వరుసలో అరగంట నిలబడిన కారు పక్క వీధికి పోతుంది, మంగళవారం నలుగురు కుర్రవాళ్ళూ సెల్‌ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. ముసురు పట్టిన వారమంతా ఎవరూ కడిగించరు. ముసురు తీరిన మర్నాడు అందరూ ఒక్కసారే వస్తారు. మిర్చి టిక్కీలైతే ఈ వారం అమ్ముడుపోనివి వచ్చే వారం అమ్ముకోవచ్చు. మంగళవారం ఖాళీగా పోయిన ర్యాంపును ఆదివారం అమ్ముకోలేము. డీలరుగారి 40 కార్ల అంకె ఏదో ఒక ఆదివారం చూసి వేసినదని నా అనుమానం.

వాషింగుకని వచ్చినవారు పెట్రోలు పోయించుకుంటారు, ఆ లాభం లెక్కలోకి రాలేదేమని డీలర్ల ప్రధాన వాదన. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. లెక్క వేసి చూద్దాం. వాషింగు లేకపోతే ఈ బంకుకు రాని కార్లు రోజుకు ఐదు అదనంగా వచ్చి తలా 20 లీటర్లు పోయించుకున్నాయనుకుందాం. కమీషను లీటరుకు రు. 4 అని వేసుకుంటే కారుకు రు. 80, రోజుకు రు. 400, నెలకు రు. 10,400. దానిని కలుపుకుంటే 22 కార్ల గీత 20 కార్లకు దిగుతుంది. అంతే. పైగా ఈ కమీషను పోయేది డీలరు జేబులోకి. రు. 12 లక్షలు పెట్టిన మన మిర్చి మిత్రునికి అందులో వాటా ఇస్తామని కాగితంలో ఎక్కడా లేదు. వాషింగు నష్టపోయినా పెట్రోలు అమ్మకం పెరిగిందని డీలరు సంతోషించే పరిస్థితి రావచ్చు. భాగస్వాముల్లో ఒకరి నష్టం మరొకరి లాభమయ్యే పొత్తు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

రు. 2,000 పెట్రోలు పోయించుకుంటే వాషింగు ఉచితం అనే పథకం మరీ ప్రమాదం. రు. 2,000కు సుమారు 18 లీటర్లు. కమీషను రు. 72. షాంపూ, నీళ్ళు, కరెంటుకే రు. 50 పోతాయి, రు. 254 ఇచ్చే ఆదివారం గిరాకీ చోటు పోతుంది. ఎలాగూ వచ్చి పోయించుకునే పాత ఖాతాదారులే ముందు వరుసలో నిలబడతారు.

అమెరికా బంకుల్లో ఈ వ్యాపారం దశాబ్దాలుగా ఉన్నది. మనవారు కొందరు అక్కడ అటువంటి గ్యాస్ స్టేషన్లు నడుపుతున్నారు గనుక వారి మాటలు విని ఇక్కడ ఉత్సాహపడేవారు ఎక్కువ. అక్కడి పరిస్థితి వేరు. కూలి ఖరీదు గనుక యంత్రం గిట్టుతుంది. కారు దిగకుండా బ్రష్షుల కిందికి పోనిచ్చి బయటికి వస్తారు. అయినా బంకు పక్కనున్న చిన్న యంత్రాన్ని నెలవారీ చందా మీద నడిచే ప్రత్యేక వాషింగు కంపెనీలు వెనక్కి నెట్టాయి. మిస్టర్ కార్ వాష్ అనే కంపెనీ 2021 జూన్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో షేర్లు లిస్టు చేసింది. దాని రాబడిలో పెద్ద భాగం చందాలదే. వాన పడినా ఎండ కాసినా చందా వస్తుంది గదా. ఆ ఊపు చూసి అప్పులు తెచ్చి ఎడాపెడా కేంద్రాలు కట్టినవారూ ఉన్నారు. జిప్స్ అనే పెద్ద సంస్థ 2025 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. చందా పద్ధతి నేర్చుకోదగినదే, అప్పు పద్ధతి కాదు.

నీళ్ళ సంగతి తేలికగా తీసుకోరాదు. మామూలు గొట్టంతో కడిగితే కారుకు 150 నుంచి 200 లీటర్లు పోతాయి, ప్రెషరు పంపుతో అంతకు తగ్గుతుంది. పరిమాణం కంటె గుణం ముఖ్యం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీరు చౌడు. కడిగి ఎండలో పెట్టిన నల్ల కారు మీద తెల్ల మచ్చలు తేలితే ఆ కారు మళ్ళీ రాదు. నీటిని మెత్తబరిచే ప్లాంటు పెడితే పెట్టుబడి పెరుగుతుంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. 2024 మార్చిలో బెంగుళూరులో నీటి ఎద్దడి ముదిరినప్పుడు తాగునీటితో కార్లు కడిగితే రు. 5,000 జరిమానా అని అక్కడి జలమండలి ఉత్తర్వు వేసింది. ఎండాకాలంలో కారు దుమ్ము ఎక్కువ, గిరాకీ ఎక్కువ. నీళ్ళకు కటకట వచ్చేదీ అప్పుడే.

పారే నీటితోనూ పేచీ ఉన్నది. కారు అడుగున ఉన్న నూనె, గ్రీజు నీళ్ళతో కలిసి పోతాయి. బయటి కాలువలోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు, మునిసిపల్ మురుగు కాలువలోకైతే 20 మిల్లీగ్రాములు మించరాదని నిబంధన. మట్టి దిగడానికి, నూనె తేలడానికి అరలు అరలుగా తొట్లు కట్టాలి, మడ్డి తీయించాలి. సందులోని దుకాణాన్ని ఎవరూ అడగరు. కంపెనీ బోర్డు వెలుగుతున్న బంకును మాత్రం తప్పక అడుగుతారు.

బంకువారు ఆలోచించవలసిన మరో అపాయం ఉన్నది. దీనిని ఎవరూ ప్రస్తావించడం లేదు. ఇప్పుడు మనం కొంటున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. పూర్వం భూగర్భ ట్యాంకులో కాసిని నీళ్ళు చేరితే అడుగున నిలిచేవి, పేస్టు పూసిన కడ్డీతో కొలిచి తోడించేవారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించితే ఇథనాల్ ఆ నీటితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు దిగుతుంది. అప్పుడు పాడయ్యేది కాసిని నీళ్ళ మేర కాదు, ట్యాంకులోని సరుకు. ట్యాంకు మూతల వైపు వాలు ఉన్న చోట ర్యాంపు కట్టి రోజుకు వేల లీటర్లు పారించడం కోరి తెచ్చుకునే తలనొప్పి. ఒక ట్యాంకు పెట్రోలు పాడైతే ఎన్ని వేల కార్లు కడిగితే ఆ నష్టం తీరుతుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

ఇక అనుమతులు. పేలుడు పదార్థాల శాఖ ఆమోదించిన ప్లానులో లేని కట్టడం బంకులో కట్టరాదు. పంపుల దరిదాపుల్లో మామూలు మోటార్లు, స్విచ్చులు పెట్టరాదు. ఆయిల్ కంపెనీ అనుమతి లేకుండా వేరే వ్యాపారం నడపరాదు. స్థలం కంపెనీదైతే అందులో డీలరు ఇష్టమేమీ సాగదు. స్థలం డీలరుదైతే కొంత వెసులుబాటు ఉంటుంది. పెట్టుబడి పెట్టబోయేవారు ముందు అడగవలసిన ప్రశ్న కార్లెన్ని వస్తాయని కాదు, స్థలం ఎవరిదని.

అన్నిచోట్లా ఇది దండగని నా అభిప్రాయం కాదు. హైవే మీద లారీలు రాత్రి ఆగే విశాలమైన సొంత స్థలం, మంచి నీటి వసతి, ట్యాంకులకు ఎదురువైపు వాలు ఉన్న బంకుల్లో లారీ వాషింగుకు బలమైన గిరాకీ ఉన్నది. లారీ డ్రైవరు ఎలాగూ ఆగుతాడు, స్నానం చేస్తాడు, భోంచేస్తాడు. బండి కడిగించుకోవడానికి ఆదివారం దాకా ఆగడు. అతడు పోయించుకునే డీజిలు వందల లీటర్లలో ఉంటుంది. తిరుపతి వంటి యాత్రాస్థలాల్లో ట్రావెల్స్ కార్లు రోజూ కడగవలసినవే. పది, పన్నెండు కార్లున్న ట్రావెల్స్ వారితో నెలకింత అని ఒప్పందం చేసుకుంటే మంగళవారం ర్యాంపు ఖాళీగా ఉండదు. పెట్రోలు బంకుకు వచ్చే బండ్లలో అధికభాగం మోటారు సైకిళ్ళు. వాటిని కడగడానికి పది నిమిషాలు చాలు, చోటు తక్కువ, మనిషి ఒక్కడు. కాగితాలు వ్రాసేవారంతా కార్ల వెంట ఎందుకు పడుతున్నారో నాకు అర్థం కాలేదు. కారు మాట గౌరవంగా వినిపిస్తుంది గాబోలు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కార్లు పెరుగుతాయి, వాషింగు పెరుగుతుంది అనే వాదన కూడా వింటున్నాము. కార్లు పెరిగితే సందుల్లోని దుకాణాలూ పెరుగుతాయి. ఆ గిరాకీ బంకుకే రావాలని నియమమేమీ లేదు. విద్యుత్తు కార్ల సంగతి వేరు. చార్జింగుకు అరగంటో ముప్పావుగంటో ఎలాగూ నిలబడాలి గనుక ఆ సమయంలో కడిగించుకోవడం సుఖం. ముందుచూపు గల డీలరు ఆ ఏర్పాటుకు ఇప్పటినుంచే స్థలం ఉంచుకోవడంలో తప్పు లేదు.

డీలరు తానే నడపడం కంటె ఆ మూలను వృత్తి తెలిసిన మనిషికి నెల అద్దెకు ఇవ్వడం మేలని నాకు తోస్తున్నది. అద్దె మీద కూడా 18 శాతం జి.ఎస్.టి. పడుతుంది. అయినా 22 కార్ల బెంగ ఉండదు. అదే మూలను టైర్ల గాలి, పంక్చరు దుకాణానికో, బ్యాటరీల కొట్టుకో ఇస్తే ఎంత వస్తుందో ముందు విచారించాలి. చేయి తడవకుండా నెలకు రు. 15,000 వచ్చే చోట, రు. 12 లక్షలు పోసి అంతకంటె తక్కువ సంపాదించడాన్ని లాభమని వ్రాసుకోలేము గదా.

మన మిర్చి వర్తకుని కాగితంలో అన్నిటికంటె పెద్ద లోపం ఈ అంకెల్లో లేదు. బంకు డీలర్‌షిప్ ఒప్పందాల్లో కంపెనీ వ్రాతపూర్వక అనుమతి లేకుండా భాగస్వామిని చేర్చుకోరాదనే షరతు ఉంటుంది. నోటిమాట పొత్తులో రు. 12 లక్షలు పెట్టిన మనిషికి రేపు తగాదా వస్తే చేతిలో ఉండేది ఒక తెల్లకాగితం. షెడ్డు బంకులో ఉంటుంది, బోరు భూమిలో ఉంటుంది, గేటు తాళం డీలరు దగ్గర ఉంటుంది. కోర్టులో ఆ పొత్తును బయట పెడితే డీలర్‌షిప్పే పోవచ్చు గనుక డీలరు ఒప్పుకోడు. బయట పెట్టకపోతే డబ్బు అడగడానికి ఆధారం లేదు. యార్డులో రైతుకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడు కూడా ఇంతకంటె గట్టి కాగితం వ్రాయించుకుంటారు. ఇవ్వదలచుకుంటే అప్పుగా, ప్రామిసరీ నోటు మీద, వడ్డీకి ఇవ్వమని చెప్పాను. లాభంలో సగం ఆశ వదులుకోవాలి మరి.

ఇదంతా వారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే నలభై కార్లు అబద్ధమంటావు" అన్నారు. అబద్ధమో నిజమో నేను చెప్పలేను, లెక్కపెట్టి చూడవచ్చునన్నాను. ఈ ఆదివారం ఉదయం ఆరు నుంచి చీకటి పడే దాకా ఆ బంకు ఎదుట టీ కొట్టులో కూర్చుని వచ్చే కార్లు, మోటారు సైకిళ్ళు, లారీలు వేరువేరుగా వ్రాసుకుని వస్తానన్నారు. మంగళవారం కూడా వెళ్ళి రమ్మని, వాన పడితే మరీ మంచిదని చెప్పి వచ్చాను. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.